చెమట పడితే ఓడినట్టే!

సైకిల్ పందెమంటే ఒళ్లొంచి తొక్కాలి, చెమటోడ్చాలి. కానీ గడ్డకట్టే చలిలో, మంచుదారుల్లో జరిగే పందేల లెక్కే వేరు. అక్కడ నెమ్మదిగా వెళ్లడమే నేర్పు. వేళకి ఆగిపోవడమే తెలివి. అమెరికాలోని మినసోటాలో ఏటా చలికాలం వస్తే చాలు... టీచర్లూ, నర్సులూ, వడ్రంగులూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ సైకిళ్లు బయటికి తీస్తారు!

ఉదయం ఏడవుతోంది. ఇంకా చీకటే. కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న ఇంటర్నేషనల్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో సైకిళ్లు బారులు తీరి ఉన్నాయి. వాటికి ముందూ వెనకా మిణుకుమిణుకుమంటూ ఎర్రదీపాలు. పక్కనే నిలబడ్డవాళ్లలో ఎవరు ఆడో ఎవరు మగో పోల్చుకోవడం కష్టం. కళ్లు తప్ప ముఖమంతా కప్పేసుకున్నారు. అందరి మెడల్లోనూ తాడుకు వేలాడుతూ ఒక ఈల!

జనవరి చివర్లో ఇక్కడ ఉష్ణోగ్రత మైనస్ పాతిక డిగ్రీలున్నా ఎవరూ ఆశ్చర్యపోరు. మైనస్ 40 కూడా వాళ్లకు తెలియనిది కాదు. (అన్నట్టు, సెల్సియస్, ఫారెన్‌హీట్ కొలతలు రెండూ ఒకే అంకె దగ్గర కలిసేది అక్కడే.) లంబసింగిలో గడ్డిమీద మంచు పేరుకుందంటే మనం కార్లు కట్టుకుని చూడ్డానికి వెళతాం. సున్నా డిగ్రీలే మనకి పెద్ద వార్త. ఈ ఊరివాళ్లేమో 'దేశానికే ఐస్‌పెట్టె మాది' అని గర్వంగా చెప్పుకుంటారు.

అక్కడ మొదలయ్యే పందెం పేరు ఆరోహెడ్ 135. దూరం 135 మైళ్లు, అంటే సుమారు 217 కిలోమీటర్లు. 2005లో మొదలైంది. అడవుల గుండా, గడ్డకట్టిన చిత్తడి నేలల మీదుగా టవర్ అనే మరో ఊరి దగ్గరికి చేరాలి. సైకిల్ మీదే వెళ్లాలనేం లేదు. స్కీల మీద జారుతూ వెళ్లొచ్చు, సామాను బండిని నడుముకు కట్టుకుని నడిచీ వెళ్లొచ్చు. గడువు 60 గంటలు. దారి గట్టిగా ఉన్న ఏడాది ముందువరసలో ఉన్న సైకిలిస్టులు పొద్దున బయల్దేరి ఆ రాత్రికల్లా చేరిపోతారు. మెత్తటి మంచు పడిందా... అంతే సంగతులు. సైకిల్ని తోసుకుంటూ మైళ్లకు మైళ్లు నడవాల్సిందే. బయల్దేరినవాళ్లలో సగంమంది కూడా గమ్యం చేరని ఏళ్లున్నాయి. గెలిస్తే చేతికొచ్చే డబ్బు కూడా చెప్పుకోదగ్గదేం కాదు.

మరి ఎందుకు తొక్కుతారు? ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు వాళ్లు ఎలా తొక్కుతారో చూడాలి.

చలి కాదు... తడి!

ఇంత చలిలో వెళ్లేవాళ్లు ఉన్న బట్టలన్నీ తొడుక్కుని బయల్దేరతారనుకుంటాం. అది తప్పు. బయల్దేరేటప్పుడు కాస్త వణుకు పుడుతుండాలంటారు అనుభవజ్ఞులు. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉందంటే బట్టలు ఎక్కువైనట్టు లెక్క. పది నిమిషాలు తొక్కేసరికి ఒంట్లో వేడి పుడుతుంది, చెమట పడుతుంది. ఆ చెమటే ప్రాణం మీదికి తెస్తుంది. తొక్కుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. టైరు బాగుచేసుకోవడానికో, ఏదైనా తినడానికో ఆగితే మాత్రం తడిబట్ట ఒంట్లో వేడిని పీల్చేస్తుంది. అందుకే నూలుబట్ట ముట్టుకోరు. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోని ఉన్ని బనీన్లు వేసుకుంటారు. ఎత్తు వస్తోందంటే ముందే జిప్పు దించుతారు, టోపీ తీస్తారు. అప్పటికీ ఒళ్లు వేడెక్కుతుంటే? దిగి నడుస్తారు. పక్కవాడు దాటిపోతున్నా సరే. ఏ పందెంలోనైనా వెనకబడినవాణ్ని తొందరపెడతారు. ఇక్కడ మాత్రం తొందరపడినవాడి గురించి కంగారుపడతారు.

తిండీ తిప్పలూ కూడా ఇలాగే ఉంటాయి. చాక్లెట్‌ని కొరికితే పన్ను విరిగేంత గట్టిపడుతుంది. అందుకని ఇంట్లోనే చిన్నముక్కలు చేసి, ఒంటికి ఆనుకుని ఉండే జేబులో దాచుకుంటారు. సీసాలో నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి సీసాని తలకిందులుగా పెడతారు. మూత వైపు చివరిదాకా నీళ్లే ఉంటాయి! వీపుకు కట్టుకున్న సంచిలోంచి గొట్టంతో తాగేవాళ్లు గుక్క తాగిన ప్రతిసారీ గొట్టంలో మిగిలిన నీటిని ఊది వెనక్కి పంపేస్తారు. మరచిపోయారా... రెండో గుక్క ఉండదు. చేతులకు ఎంత మందపాటి గ్లవుజులు వేసినా చాలవని హ్యాండిల్‌కే దిండుగలీబుల్లాంటి తొడుగులు బిగిస్తారు. వాటి పేరు పోగీలు. వాటిలో చేతులు దూర్చి, లోపలే బ్రేకులు పట్టుకుంటారు.

ఏనుగు పాదాల్లాంటి చక్రాలు

ఇక సైకిల్. కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్ కాలిఫోర్నియాలో పుట్టింది. 1976లో అక్కడి మారిన్ ప్రాంతంలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద కొండ దిగుతూ పందేలు మొదలెట్టారు. ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఒక్కసారి దిగేసరికి వెనక చక్రం బ్రేకులోని గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ కూరాల్సి వచ్చేది. పేరు అలా వచ్చింది. ఆ సైకిల్ ఎండలకీ దుమ్ముకీ పుట్టినది. మంచులోకి తెస్తే టైరు కత్తిలా దిగబడిపోయింది.

మంచుకు తగ్గ సైకిల్ కోసం తంటాలుపడినవాళ్లు అలాస్కావాసులు. 1987లో అక్కడ ఇడిటాబైక్ అనే పందెం మొదలైంది. కుక్కలు లాగే బళ్లు తిరిగే మంచుదారిలో సైకిళ్లు తొక్కాలి. దిగబడకుండా ఉండాలని కొందరు రెండేసి రిమ్ములు పక్కపక్కన పెట్టి వెల్డింగ్ చేయించుకున్నారు. ఇంకొందరు ప్రత్యేకంగా వెడల్పు రిమ్ములు తయారుచేశారు. అటూ న్యూమెక్సికో ఇసుకల్లో తిరిగేవాళ్లకూ అదే అవసరం. ఇసుకకీ మంచుకీ మందు ఒక్కటే, వెడల్పు టైరు! 2005లో మినసోటాకే చెందిన సర్లీ కంపెనీ పగ్స్‌లీ అనే సైకిల్ని మార్కెట్లోకి తెచ్చింది. దాని టైరు వెడల్పు దాదాపు నాలుగంగుళాలు. అంతవరకూ షెడ్లలో వెల్డింగ్ చేసుకున్నవాళ్ల సొత్తుగా ఉన్నది ఒక్కసారిగా దుకాణంలో దొరికింది. ఫ్యాట్ బైక్ అనే మాట అందరి నోళ్లలోకీ వచ్చింది.

టైరు ఎంత వెడల్పో, గాలి అంత తక్కువ. మామూలు సైకిల్ టైర్లో యాభై పీఎస్ఐ పైగా గాలి కొడతాం. ఫ్యాట్ బైక్‌కి మంచులో నాలుగైదు చాలు. బొటనవేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తగా ఉండాలి. అప్పుడే ఏనుగు పాదంలా పరుచుకుని బరువుని పంచుతుంది. ఇందులో కొత్తవాళ్లు తప్పక బోల్తాపడే సంగతి ఒకటుంది. ఇరవై డిగ్రీల గదిలో ఐదు పీఎస్ఐ కొట్టిన టైర్ని మైనస్ 30లోకి తెస్తే, ఎక్కడా కన్నం పడకుండానే గాలి రెండు పీఎస్ఐ కన్నా కిందికి దిగిపోతుంది. గాలి చలికి కుంచించుకుపోతుంది మరి! అందుకే పంపు పట్టుకుని వీధిలోకొచ్చి, చలిలోనే కొలుస్తారు. గ్రీజుతో మరో తంటా. చలికి బిగుసుకుపోతే ఫ్రీవీల్ లోపలి చిన్న పళ్లు అంటుకుపోతాయి. పెడల్ గిర్రున తిరుగుతుంది. చక్రం మాత్రం కదలదు.

అంగుళం మించితే ఇంటికే!

ఇవన్నీ పందెంలో నేర్చుకోవాలంటే ప్రాణాలకే ముప్పు. నేర్పేది క్లబ్బులు. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల చుట్టూ పనిరోజుల్లో సాయంత్రాలు జరిగే సామూహిక సవారీలే వీళ్ల బడులు. డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. ఆఫీసు వదిలేసరికి చిమ్మచీకటి. టోపీకో దీపం, హ్యాండిల్‌కో దీపం పెట్టుకుని అడవిదారి పడతారు. చాలా సవారీల్లో రివాజు ఒకటే. ఎవర్నీ వదిలిపోకూడదు. ముందు వెళ్లేవాళ్లు ప్రతి మలుపులోనూ ఆగాలి. ఎప్పటినుంచో తొక్కుతున్నవారొకరు అందరికన్నా వెనక వస్తారు. అయితే ఇందులో మర్యాదతోబాటు లెక్క కూడా ఉంది. వెనకబడినవారి కోసం ఆగి చూసే ఐదు నిమిషాల్లో ముందున్నవాళ్ల చెమట చల్లారిపోతుంది. కాబట్టి వేగంగా వెళ్లి వణకడం కన్నా నెమ్మదిగా కలిసి వెళ్లడమే అందరికీ సుఖం.

సరస్సుల మీద తొక్కే సరదా కూడా ఉంది. పదివేల సరస్సుల రాష్ట్రమని దానికి పేరు కదా. మనిషి నడవాలంటే కొత్తగా కట్టిన గట్టి మంచు కనీసం నాలుగంగుళాల మందముండాలన్నది అక్కడి ప్రభుత్వం చెప్పే లెక్క. అంత ఉన్నా ఏ మంచూ పూర్తిగా భద్రమైంది కాదని కూడా అదే నోటితో చెబుతుంది.

అడవిలో దారి దానంతటది ఏర్పడదు. మంచు పడ్డ మర్నాడే కార్యకర్తలు వెళ్లి, కాళ్లకు వెడల్పు చట్రాలు కట్టుకుని తొక్కుతూనో, బరువు లాగుతూనో దాన్ని చదును చేస్తారు. జంటనగరాల పరిసరాల్లో మినసోటా ఆఫ్‌రోడ్ సైక్లిస్ట్స్ అనే సంఘం స్వచ్ఛంద సేవకులతోనే ఈ దారుల్ని పోషిస్తుంటుంది. రాత్రంతా గడ్డకట్టాక అది సిమెంటు దారి లాగే ఉంటుంది. పగలు మంచు కరిగే వేళ ఎవరైనా తొక్కారంటే గాడి పడుతుంది. అది మళ్లీ గడ్డకడితే వెనక వచ్చేవాళ్లు పల్టీలే. అందుకని చాలాచోట్ల ఒక కట్టుబాటు ఉంది. టైరు జాడ అంగుళం మించి దిగుతోందంటే వెనక్కి తిరిగి ఇంటికి పోవాలి. ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు, ఎవరి జాడని వాళ్లే చూసుకోవాలి. కాపలా లేకుండా నడిచే ఇలాంటి నియమాలు మనకి కొంచెం వింతగానే తోస్తాయి.

2023-24 చలికాలం ఈ కట్టుబాటుకి గట్టి పరీక్షే పెట్టింది. మినసోటాలో రికార్డులు మొదలైనప్పటినుంచీ అంత వెచ్చని చలికాలం లేదు. పక్కనున్న విస్కాన్సిన్‌లో ఎంతో పేరున్న బర్కెబైనర్ స్కీ పందేన్ని 2024 ఫిబ్రవరిలో పది కిలోమీటర్ల చుట్టుదారిలో, యంత్రాలతో తయారుచేసిన మంచుమీద జరపాల్సి వచ్చింది. మంచుంటే తొక్కొచ్చు, ఎండిన నేలైనా తొక్కొచ్చు. రెండూ కాని బురదలో తొక్కితే వేసవికి దారే మిగలదు. చలి ఎక్కువైందని మానేయనివాళ్లు, చలి లేదని సైకిళ్లు పక్కనపెట్టడం... విచిత్రమే!

జంటనగరాల్లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. మొదటి చలికాలానికి కిటికీలోంచి ఈ సైకిళ్లను చూసి 'వీళ్లకి పిచ్చా' అనుకోని తెలుగువారు తక్కువే అయ్యుండాలి. మనకి లెక్క తిరగబడి ఉంటుంది. హైదరాబాదు సైకిలిస్టులకు అనంతగిరి అడవిదారుల్లో తొక్కడానికి చలికాలమే హాయి, ఎండాకాలమే పరీక్ష.

వెచ్చటి గది... అసలు పరీక్ష

మళ్లీ ఆరోహెడ్ దగ్గరికి వద్దాం. సుమారు 115 కిలోమీటర్ల దగ్గర, అంటే సగం దాటాక, సరస్సు ఒడ్డున మెల్‌జార్జ్ అనే రిసార్టు ఉంది. పందెంలో రెండో మజిలీ అది. చాలామంది అక్కడికి చేరేసరికి రాత్రి అవుతుంది. దారిపొడవునా పోటీదారుల దీపాలు తప్ప వెలుగుండదు. తోడేళ్లు తిరిగే అడవి అది. తలుపు తీయగానే వెచ్చటి గది, వేడి సూపు, పెనం మీద కాల్చిన చీజ్ శాండ్‌విచ్. తడిసిన మేజోళ్లు ఆరేసి ఉంటాయి. అక్కడ కుర్చీలో కూలబడినవాళ్లు మళ్లీ లేవడమే ఈ పందెంలో అన్నిటికన్నా కష్టమైన పని.

లేవాలా, మానాలా? వేళ్ల కొసలు తెల్లబడి స్పర్శ తెలియడంలేదంటే మంచుకాటు మొదలైనట్టే. మాట తడబడుతోందంటే, చిన్న ముడి విప్పడం కూడా రావడంలేదంటే ఒంట్లో వేడి పడిపోతోందని గుర్తు. చిక్కేమిటంటే, ఆ స్థితిలో ఆలోచన కూడా మందగిస్తుంది. తనకేం కాలేదనే అనిపిస్తుంది. మెడలో ఈల ఎందుకంటే అందుకే. పెదాలు మొద్దుబారి కేక రానప్పుడు కూడా అది మోగుతుంది. క్లబ్బు సవారీల్లో పక్కవాడి బుగ్గల రంగు చూడ్డం నేర్పేదీ ఇందుకే. ఇక్కడ ఆగిపోయినవాళ్లను ఎవరూ ఎగతాళి చేయరు. వచ్చే ఏడాది అదే వరసలో, అదే చీకట్లో నిలబడేవాళ్లలో అలా ఆగిపోయినవాళ్లు కూడా ఉంటారు. వేళ్లన్నీ దక్కించుకుని!

లేచి వెళ్లేవాళ్ల సైకిళ్లకు కట్టిన మూటలు చూడాలి. మైనస్ 29 డిగ్రీలకు ఆగే స్లీపింగ్ బ్యాగ్, కింద పరుచుకునే చాప, స్టవ్, మంచు కరిగించే గిన్నె, అగ్గిపెట్టె, ఇంధనం. అన్నీ నియమం ప్రకారం తప్పనిసరి. బరువెక్కువని వదిలేస్తే కుదరదు. దారిలో కదల్లేని స్థితి వస్తే, సాయం చేరేదాకా ఎవరికి వాళ్లే బతికుండాలి.

ఇంకో నియమం కూడా ఉంది. మూటలో మూడువేల కేలరీల తిండి అదనంగా ఉండాలి. బయల్దేరేటప్పుడే కాదు, ముగింపు గీత దాటేటప్పుడు కూడా! అందుకని కొందరు వెన్న ముద్దలో, వేరుసెనగ వెన్న డబ్బానో తెస్తారు. తక్కువ బరువు, ఎక్కువ కేలరీలు. 217 కిలోమీటర్లు తొక్కి, తోసి, మంచుపట్టిన కనురెప్పలతో వచ్చినవాళ్లు ఆకలితో నకనకలాడుతూ కూడా ముట్టుకోని ఆ డబ్బాని, గీత దాటాక మూటలోంచి తీసి చూపిస్తారు.