ఒక్క కీలుకి ఇన్ని ఫొటోలా?

బామ్మ చేతివేళ్లకి ఎక్స్‌రే తీశాక మళ్లీ అల్ట్రాసౌండ్ ఎందుకని అడిగావు కదూ బుజ్జీ. కూర్చో, చెబుతాను.

1895 డిసెంబరులో జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త తన భార్య ఆనా బెర్తా చేతికి ఎక్స్‌రే తీశాడు. అందరూ ఆ ఫొటోలో ఉంగరమే చూస్తారు. నువ్వు వేళ్ల కణుపుల దగ్గర చూడు. ఎముకకీ ఎముకకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అది ఖాళీ కాదమ్మా, అక్కడ మృదులాస్థి ఉంది. ఎక్స్‌రేకి అది ఆనదు. అందుకే మోకాలు అరిగిందేమో చూడాలంటే మనిషిని నిలబెట్టి తీస్తారు. ఒంటి బరువు పడ్డప్పుడు ఆ సందు ఎంత తగ్గిందో చూసి అరుగుదల అంచనా కడతారు.

బామ్మది అరుగుదల కాదు, రుమటాయిడ్ వాతమేమోనని డాక్టరుగారి అనుమానం. అది మొదట పట్టుకునేది కీలు లోపలి పలచటి పొరని. గుమ్మానికి చెద పట్టినట్టే, పైకి కనబడేసరికి లోపల చాలా తినేసి ఉంటుంది. ఎక్స్‌రేలో ఎముక అంచు కొరికినట్టు కనిపించే లోపే, ఆ పొర ఉబ్బడం అల్ట్రాసౌండులో తెలుస్తుంది. అందులోనే డాప్లర్ అనే పద్ధతి పెడితే అక్కడికి ఎక్కువగా చేరే నెత్తురు తెరమీద ఎర్రెర్రగా మెరుస్తుంది. అంటే జబ్బు ఇంకా చురుగ్గా ఉందన్నమాట. ఎముక మూలుగలో వాపుంటే మాత్రం ఎమ్మారైయే చూపాలి.

నాకు భలే ముచ్చటేసేది డ్యూయల్ ఎనర్జీ సీటీ. గౌట్ జబ్బులో కీళ్లలో యూరేటు స్ఫటికాలు పేరుకుంటాయి కదా. ఎక్స్‌కిరణాల్ని రెండు శక్తులతో పంపితే ఎముకలోని కాల్షియం ఒకలా, యూరేటు ఇంకోలా పీల్చుకుంటాయి. ఆ తేడా లెక్కగట్టి కంప్యూటరు యూరేటుకి మామూలుగా ఆకుపచ్చ రంగు వేస్తుంది. కాలి బొటనవేలి మొదట్లో ఆ పచ్చటి ముద్ద చూడాలి నువ్వు! అయినా జబ్బు కొత్తలో స్ఫటికాలు కొద్దిగా ఉంటే ఇదీ పట్టలేదు. కీలులోంచి నీరు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే.

అలాగని అందరికీ అన్నీ తీయించడం దండగ. డాక్టరు కీలు నొక్కి చూసి, నెత్తురు పరీక్ష చదివి, ఇంకా తేలనిది ఏమిటో దానికి తగిన ఫొటో అడగాలి.

రేపు బామ్మతో వెళ్తున్నావుగా, పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ సంచిలో పెట్టుకో. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే జబ్బు ఆగిందో, ముదురుతోందో డాక్టరుగారికి తెలుస్తుంది.