బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు ఆ పేరు ఎట్లా వచ్చింది? పాత బండి కొనేముందు ఏం చూడాలి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: 44వ జాతీయ రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా దాటిపోయే కార్లలో ముందు రెండు కిడ్నీల ఆకారంలో జాలీ ఉన్న బండి కనిపిస్తే హోటల్ దగ్గర చాయ్ తాగే పోరలు తల తిప్పి చూస్తారు. అది బీఎండబ్ల్యూ. అందులో బాగా పేరున్నది 3 సిరీస్. పదేళ్లు దాటిన ఈ కారు ఇప్పుడు మామూలు కొత్త కారు ధరకే దొరుకుతోంది. అందుకే గల్ఫ్‌లో సంపాదించి వచ్చినవాళ్లు కూడా దీని గురించి ఆరా తీస్తున్నారు.

దివాలా అంచు నుంచి..

జర్మనీలోని మ్యూనిక్ కంపెనీ ఇది. 1959లో నష్టాల్లో కూరుకుపోయి డైమ్లర్-బెంజ్ చేతికి పోవాల్సింది. చిన్న వాటాదారులు, డీలర్లు అడ్డుపడ్డారు. హెర్బర్ట్ క్వాంట్ డబ్బు పెట్టి నిలబెట్టారు. 1962లో మార్కెట్‌లోకి వచ్చిన 1500 మోడల్ కంపెనీని గట్టెక్కించింది. 1975లో మొదటి 3 సిరీస్, 1986లో రేసుల కోసం తయారైన ఎం3 వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ప్రపంచ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌లో ఎం3 డ్రైవర్ గెలిచాడు.

మన దేశంలో 2007 మార్చిలో చెన్నై దగ్గర ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ ముందుగా బిగించింది కూడా 3 సిరీస్‌నే.

నడపడంలో తేడా ఏంది?

చాలా మామూలు కార్లలో ముందు చక్రాలే బండిని తిప్పాలి, లాగాలి. 3 సిరీస్‌లో ముందు చక్రాలది తిప్పే పని, వెనక చక్రాలది తోసే పని. బరువు కూడా ముందు, వెనక దాదాపు సగం సగం. అందుకే మలుపులో బండి అదుపులో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ పేరంతా దీనివల్లే వచ్చింది.

ధర తగ్గింది, ఖర్చు తగ్గలేదు

అసలు లెక్క ఇక్కడుంది. పాత బండి ధర పడిపోయినా స్పేర్ పార్టుల ధర కొత్త బండిదే. 2007-2011 మధ్య వచ్చిన డీజిల్ ఇంజిన్లలో టైమింగ్ చైన్ అరిగే సమస్య ప్రపంచమంతా తెలిసిందే. ఆ చైన్ ఇంజిన్ వెనక వైపు ఉంటుంది కాబట్టి మార్చాలంటే చాలాసార్లు ఇంజిన్ దింపాల్సిందే. చాలా మోడళ్లలో స్టెప్నీ ఉండదు. రన్‌ఫ్లాట్ టైర్ గాలి పోయినా 80 కిలోమీటర్ల వేగం మించకుండా కొంత దూరమే నడుస్తుంది. అచ్చంపేట దాటి మన్ననూర్ అడవిలో టైర్ పోతే ఆ కొంత దూరం సరిపోతుందా అన్నది ఆలోచించాలి. బండి ఎత్తు తక్కువ కాబట్టి ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లు కింద తగులుతాయి.

కొనేముందు ఇవి చూడండి

* సర్వీస్ రికార్డు మొత్తం అడగాలి. లేకుంటే బేరం వద్దు.
* అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ బండ్లు తెలిసిన మెకానిక్‌కు చూపించాలి.
* ఢిల్లీలో పాత డీజిల్ బండ్లపై ఆంక్షలున్నందున అక్కడివి చౌకగా వస్తాయి. ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఎంతో ఆర్టీవో ఆఫీసులో ముందే తెలుసుకోవాలి.
* ఇన్సూరెన్స్, నాలుగు టైర్లు, ఒక పెద్ద రిపేరు: ఈ మూడింటి డబ్బు కొన్న తర్వాత కూడా చేతిలో మిగలాలి.

ఆ డబ్బు మిగిలితే 3 సిరీస్ మంచి బండే. మిగలకపోతే మాత్రం పెళ్లికో, పిల్లల ఫీజుకో దాచిన పైసలు గ్యారేజీ పాలవుతాయి.