శ్రీశైలం కొండ దారి: 200 ఏళ్ల కిందట నల్లమల ఎక్కినవాళ్లు ఏం రాశారంటే..

అల్వాల్‌లో పొద్దున్నే కారు తీస్తే మధ్యాహ్నానికి శ్రీశైలం చేరిపోతాం. 200 కిలోమీటర్లు దాటిన ప్రయాణం. రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు. అంతకు మించి ఇబ్బంది ఏముంటుంది? మరి రోడ్డే లేని రోజుల్లో ఈ కొండ ఎక్కినవాళ్లు ఏం చూశారు?

అద్దంలో వెలుగు.. మెకంజీ చూసిన శ్రీశైలం

1794లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ శ్రీశైలం వెళ్లారు. తర్వాత 1815లో భారత తొలి సర్వేయర్ జనరల్ అయింది ఈయనే. గుడి ప్రాకారం మీది శిల్పాలను ఆయన శ్రద్ధగా వర్ణించారు. గర్భగుడి చీకట్లో ఉన్న స్వామిని అద్దంతో ఎండను లోపలికి మళ్లించి ఆయనకు చూపించారట. ఈ వివరాలన్నీ 1798లో అచ్చయ్యాయి. అడవిలో ఉండే చెంచుల గురించీ అందులో రాశారు.

ఏనుగుల వీరాస్వామి లెక్కలు

ఇక మన తెలుగాయన సంగతి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరారు. దారిలో అహోబిలం, శ్రీశైలం చూశారు. ఆత్మకూరు దాటాక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కొండ దారి. ఎక్కడ దిగాలి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, కర్నూలు నవాబు మనుషులు యాత్రికుల దగ్గర ఎంత పన్ను వసూలు చేస్తున్నారు.. అన్నీ రాసుకున్నారు. అక్కడి నుంచి కృష్ణ దాటి హైదరాబాద్ చేరారు. తర్వాత ఉత్తరంగా నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టారు. నేటి అల్వాల్, బొల్లారం ఉన్నది ఆ దిక్కునే.

స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఆయన రాసి పంపిన ఈ సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. అప్పటికి వీరాస్వామి లేరు.

ఒకే కొండ.. రెండు చూపులు

ఇద్దరూ ఎక్కింది ఒకే కొండ. కంపెనీ అధికారికి అది కొలిచి, నమోదు చేయాల్సిన ప్రాంతం. వీరాస్వామికి దేవుడి కొండ, కానీ కూలి, నీళ్లు, పన్ను చూసుకోవాల్సిన దారి కూడా. భక్తి గురించి ఎంతోమంది రాశారు. ఈ చిల్లర లెక్కలు మాత్రం ఆయన రాయకపోతే మనకు దొరికేవి కావు.

రాసినవాళ్లు సరే.. కొండవాళ్ల మాటేంటి?

అందరూ చెంచులను చూశారు, వాళ్ల గురించి రాశారు. చెంచులు తమ మాటగా రాసుకున్న పుస్తకం మాత్రం ఆ రోజుల్లో లేదు. వాళ్ల మధ్య ఉండి చదివిన పరిశోధన రావడానికి 1943 దాకా ఆగాల్సి వచ్చింది. అమ్రాబాద్ చెంచులపై హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం అది.

ఇప్పుడు అదే నల్లమల పులుల అభయారణ్యం. చెంచులను అడవి బయటికి తరలించాలన్న మాట వచ్చినప్పుడల్లా, ఎవరు ఎప్పట్నుంచి అక్కడున్నారన్న ప్రశ్న వస్తుంది. రోడ్డు, చెక్‌పోస్టు, అభయారణ్యం.. ఇవేవీ లేనప్పుడే చెంచులు అక్కడ ఉన్నారనడానికి ఆ పాత రాతలే సాక్ష్యం.

నాగలూటి కాలిబాట కూడా ఇంకా ఉంది. ఏటా ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేల సంఖ్యలో పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నడిచే వస్తారు.