గూడు బండిలో ఒక సంవత్సరం



2023 డిసెంబరు 31 రాత్రి తాటిపాకలో పాత సంవత్సరపు ఆరాధన ముగిశాక, మా సంఘంలోని ఒక పెద్దాయన గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపారు. "ముసలితనంలో ఈ తిరుగుళ్లేంటండీ మాస్టారూ? హాయిగా ఇంట్లో కూర్చుని బైబిలు చదువుకోక!" అన్నారు. ఆ మాటకు మా దగ్గర సరైన జవాబు లేదు. రెండు రోజుల తరువాత ఇంటికి తాళం వేయకుండా, దానిని అద్దెకు ఇచ్చి, పాత వ్యానులో బయలుదేరాం. ఆ సంవత్సరమంతా ఆ వ్యానే మా ఇల్లు.

మేమిద్దరం బడిపంతుళ్లుగా పనిచేసి రిటైరయ్యాం. ఊళ్లో మమ్మల్ని మాస్టారు, టీచరమ్మ అని పిలుస్తారు. ఈ వ్యాసం ఇద్దరం కలిసి రాస్తున్నాం గనుక, విడివిడిగా చెప్పవలసిన చోట ఆ పేర్లే వాడుతున్నాం. పిల్లలు దూరాన స్థిరపడ్డారు. ముప్పై అయిదేళ్లు గంట కొట్టగానే లేచి, గంట కొట్టగానే కూర్చున్నాం. మన తెలుగు నేల మీద సువార్త నడిచిన దారులు ఒక్కసారి కళ్లారా చూడాలని కోరిక. అది సేవ అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అది మా సరదా. కాని ఆ సరదాలోనే దేవుడు మాకు కొన్ని పాఠాలు నేర్పాడు.

బండి సంగతి

విదేశాల్లో రిటైరైనవారు మంచం, వంటగది, స్నానాలగది ఉన్న పెద్ద బండ్లలో నెలల తరబడి తిరుగుతారని చాలామంది వినే ఉంటారు. మన దగ్గర అటువంటివి అరుదు, ఖరీదు కూడా ఎక్కువ. పాత వ్యాను కొని లోపల సీట్లన్నీ పీకించి ఇల్లులా కట్టిద్దామని మాస్టారు మొదట అనుకున్నారు. తెలిసినవారు వారించారు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. అలా మారిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కులు వస్తాయి. అందుచేత సీట్లు ఉన్నవి ఉన్నట్లే ఉంచి, వెనక సీట్లు మడిచి, వాటి మీద వడ్రంగి చేసిచ్చిన చెక్క బల్ల పరిచి, దాని మీద బూరుగు దూది పరుపు వేశాం. బల్ల కింద రెండు ట్రంకు పెట్టెలు, నీళ్లకు రెండు డబ్బాలు, ఒక దోమతెర. అంతే మా సంసారం.

వంటకు అయిదు కిలోల చిన్న సిలిండరు తీసుకున్నాం. గ్యాస్ అంటే మా ప్రాంతంవాళ్లకు భయం ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా పక్కనున్న నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇళ్లూ, మనుషులూ కాలిపోయిన దృశ్యం మేము మరువలేదు. అందుకని బండి లోపల ఒక్కనాడూ పొయ్యి వెలిగించలేదు. వంట ఎప్పుడూ బయట, చెట్టు కింద. వాన వస్తే ఆ పూట అటుకులు, అరటిపండ్లు. మూసిన బండిలో పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ పెడితే, వాసన లేని విషవాయువు పుట్టి నిద్రలోనే ప్రాణం తీస్తుందని ఇటువంటి ప్రయాణం చేయదలచినవారు గుర్తుంచుకోవాలి.

మన కంటే ముందు తిరిగినవారు

రాజోలు, శివకోడు, దిండి మీదుగా వెళ్లి చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటాం. మొదటి మజిలీ పాలకొల్లు, నరసాపురం. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుండి ఇద్దరు యువకులు భార్యలతో సహా మన దేశానికి వచ్చారు. ఒకరు విలియం బౌడెన్, రాళ్లు కొట్టే పనివాడు. మరొకరు జార్జి బీర్, చెప్పులు కుట్టే పనివాడు. గోదావరి డెల్టా మిషను పని వారితో మొదలైంది. వారు వచ్చేనాటికి ఈ సీమలో ఆనకట్ట లేదు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. తరువాత కాలువలు పారాయి, కాలువల మీద పడవలు నడిచాయి. మిషనరీలకు గూటి పడవే బండి, అదే పడకగది, అదే పుస్తకాల గది. మన లంక గ్రామాలలో ఎన్నో సంఘాలకు వాక్యం పడవ మీదనే వచ్చింది.

నరసాపురంలో గోదావరి గట్టున బండి నిలిపి ఆ రాత్రి ఈ సంగతులు మాట్లాడుకున్నాం. "మనం గొప్ప సాహసం చేస్తున్నామనుకున్నాం గానీ, ఆ ఆడవాళ్లు భాష రాని దేశంలో చంటిపిల్లలతో పడవలో ఎలా ఉన్నారో!" అన్నది టీచరమ్మ. ఆ తరువాత దోమల గురించి ఆమె ఫిర్యాదు చేయలేదు, కనీసం ఆ వారం.

గుంటూరు వెళ్లాం. 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన ఊరది. అక్కడనుండి ఒంగోలు. 1876 నుండి 1878 వరకు సాగిన గొప్ప కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టుకు తీసుకుని, ఆకలిగొన్నవారికి కూలి పని ఇచ్చాడు. అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మేమూ చిన్నప్పటినుండి వింటున్నదే. కాని ఆయన ముందు పని ఇచ్చి, తరువాత నీళ్ల దగ్గరకు నడిపించిన వరుసను ఆ నది గట్టున నిలబడినప్పుడే బాగా ఆలోచించాం.

బల్ల దగ్గర మా స్థానం

ప్రతి ఆదివారం ఒక కొత్త సంఘం. ఎక్కువ చోట్ల ఎంతో ఆదరించారు. బండి పెట్టుకోవడానికి చర్చి ఆవరణ, నీళ్లకు బోరింగు, స్నానానికి పాస్టరు గారి ఇల్లు ఇచ్చారు. ఒక ఊళ్లో మాత్రం సంఘపెద్ద గుమ్మం దగ్గరే, "సిఫారసు పత్రిక తెచ్చారాండీ?" అని అడిగారు. తేలేదు. వెనక బెంచీ మీద కూర్చున్నాం. రొట్టె, పాత్ర మమ్మల్ని దాటి వెళ్లిపోయాయి. పెళ్లయిన నాటినుండి కలిసి ప్రభు సంస్కారం తీసుకుంటున్న మాకు అది చెంపదెబ్బలా తగిలింది. వెంటనే బండి తీసేద్దామన్నారు మాస్టారు.

అయితే ఆరాధన కాగానే ఆ పెద్దాయనే వచ్చి, "భోజనానికి మా ఇంటికి రావాలండి, కాదనకూడదు" అని చేయి పట్టుకున్నారు. చేపల పులుసుతో అన్నం పెట్టి అసలు సంగతి చెప్పారు. అంతకు ముందు ఎవరో దైవసేవకుణ్ణని వచ్చి, బల్లలో పాలుపొంది, విధవరాండ్ర దగ్గర చందాలు పోగుచేసుకుని మాయమయ్యాడట. కాపరి మందను కాచుకోవద్దా? మా కోపం సిగ్గుగా మారింది. మా ఊరి పాస్టరు గారికి ఫోను చేస్తే వారం తిరిగేసరికి ఉత్తరం పంపారు. ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని మిగతా సంవత్సరమంతా తిరిగాం. మనం ఎవరమో చెప్పడానికి మన మాట చాలదు, మనలను ఎరిగిన సంఘం కావాలి.

సొంత పెరట్లో అతిథులం

మే 13న అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు ఓటు వేయడానికి తాటిపాక వచ్చాం. ఇంట్లో అద్దెవారున్నారు గనుక మా పెరట్లోనే కొబ్బరిచెట్ల కింద బండి పెట్టుకుని మూడు రాత్రులు పడుకున్నాం. అద్దెకున్న అమ్మాయి పొద్దున్నే కాఫీ తెచ్చి, "లోపలికి రండి పిన్నిగారూ" అంటే టీచరమ్మ కళ్లు చెమర్చాయి. తన వంటింటికి తననే ఎవరో పిలుస్తున్నారు! అబ్రాహాము వాగ్దత్త దేశంలోనే పరదేశిగా డేరాలలో నివసించిన సంగతి హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో ఎన్నిసార్లో చదివాం. ఆ మూడు రాత్రుల్లో అది మాకు కొంచెం అర్థమైంది.

అదే సమయంలో మరో సంగతి తెలిసింది. టీచరమ్మ నడిపిన సండే స్కూలు తరగతి ఆగిపోయింది. అప్పగించిన యువతికి పెళ్లయి వెళ్లిపోయింది. ఇరవై రెండు మంది పిల్లలు ఆదివారం ఉదయం ఖాళీగా తిరుగుతున్నారు. ఆగిపోదామా అనుకున్నాం. ఇల్లు ఏడాదికి అద్దెకిచ్చాం గనుక ముందుకే సాగాం. అది సరైన నిర్ణయమా అంటే ఇప్పటికీ మా ఇద్దరికీ ఒక మాట కుదరలేదు.

వరద, చీకటి

ఆగస్టు చివర దోర్నకల్ చేరాం. 1909లో తిరునల్వేలి నుండి మిషనరీగా వచ్చిన అజరయ్య గారు 1912లో ఇక్కడి బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. భార్య అంబు గారితో కలిసి ఎద్దుబండి మీద ఊరూరా తిరిగారు. 1939లో ప్రతిష్ఠించిన ఆయన కేథడ్రల్‌లో గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. మన దేశపు మట్టిలోనుండే మన సంఘం లేవాలని ఆయన ఆశ.

సెప్టెంబరు 1న కుంభవృష్టి. ఖమ్మంలో మున్నేరు పొంగింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కొన్ని రోజులు మేము ఎటూ కదల్లేదు. బండిలో ఉన్న బియ్యం, పప్పు తీసి చుట్టుపక్కలవారితో కలిపి వండుకున్నాం.

అసలు పరీక్ష అక్టోబరులో వచ్చింది. నంద్యాల దాటాక చీకటి పడింది. ముందు గడ్డి వేసుకుని వెళ్తున్న ట్రాక్టరుకు వెనక దీపం లేదు. టీచరమ్మ కేక వేసేదాకా మాస్టారికి అది కనిపించలేదు. బండి రోడ్డు దిగి మట్టిలో కూరుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, దేవునికి స్తోత్రం. కాని ఆ చీకట్లో చాలాసేపటి తరువాత మాస్టారు నోరు విప్పారు. కుడి కంట్లో శుక్లం ఉందని, ఆపరేషను చేయించుకోమని బయలుదేరక ముందే డాక్టరు చెప్పారు. చెబితే ప్రయాణం ఆగిపోతుందని పది నెలలు దాచారు.

"ట్రాక్టరు కంటే ఈ మాటకే ఎక్కువ భయమేసిందండీ. మీ పక్కన నిద్రపోయాను నేను" అన్నది టీచరమ్మ. రెండు రోజులు మా మధ్య ప్రార్థన తప్ప మాటలు లేవు. ఆ ప్రార్థన కూడా ఎవరిది వారిదే. మూడవ రోజున మాస్టారు క్షమాపణ అడిగారు. ఈ సంగతి దాచకుండా రాయమన్నది కూడా ఆయనే. ఆపరేషను అయింది. అయిదు వారాలు ఒక చర్చి ఆవరణలోనే బండి కదలకుండా ఉన్నాం. పాస్టరు గారి తల్లి సొంత చెల్లెల్లా టీచరమ్మను చూసుకున్నారు. ఆ తరువాత సూర్యాస్తమయం అయితే స్టీరింగు పట్టకూడదని నియమం పెట్టుకున్నాం.

మెదకులో క్రిస్మసు

డిసెంబరు 24 మధ్యాహ్నానికి మెదకు చేరాం. పాస్నెట్ దొర 1914లో కరువు రోజుల్లో కూలి ఇచ్చి మొదలుపెట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గోపురం 175. సరిగ్గా నూరేళ్ల పండుగనాడు ఆ జనంలో మేమూ ఇద్దరం. రంగు అద్దాలలోనుండి పడే వెలుగు మాస్టారికి రెండు కళ్లతోనూ కనిపించింది.

మా లెక్క ఇది. ఏడాదికి 9,400 కిలోమీటర్లు. డీజిలుకు సుమారు 75 వేల రూపాయలు. యానాంలో చవక గనుక వీలైనప్పుడు అక్కడ ట్యాంకు నింపాం. ఇంటి అద్దె, పెన్షను కలిపితే అప్పు లేకుండా తిరిగొచ్చాం. రిటైరైన దంపతులకు మా సలహాలు నాలుగే. బయలుదేరక ముందు ఇద్దరూ కళ్లు, గుండె, షుగరు పరీక్ష చేయించుకుని ఆ కాగితాలు ఒకరికొకరు చూపించుకోండి. 55 ఏళ్లు దాటాక లైసెన్సు అయిదేళ్లకొకసారి కొత్తది చేయించాలి, గడువు చూసుకోండి. సంఘం ఇచ్చిన ఉత్తరం వెంట ఉంచుకోండి. మీరు వదిలివెళ్లే పనికి ఒక్కరిని కాదు, ఇద్దరిని సిద్ధం చేయండి.

ఇప్పుడు సండే స్కూలు మళ్లీ జరుగుతోంది. పిల్లలు పదమూడు మందే తిరిగి వచ్చారు. వ్యాను అమ్మలేదు. ఆదివారం ఉదయం లంకల్లోనుండి నడవలేని పెద్దమ్మలను మందిరానికి తీసుకొస్తుంది. ఆనాడు గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపిన పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు ముదిరాయి. ఇప్పుడు ఆయనా అందులోనే వస్తున్నారు. "ఇంకా తిరుగుళ్లు మానలేదాండీ మాస్టారూ?" అని ఎక్కగానే అడుగుతారు. "ఆయ్, మానలేదండి" అంటారు మాస్టారు.