మీకు తెలుసా? చెత్తబుట్టలోకి పోయేదంతా చెత్త కాదు

పాల ప్యాకెట్ మూలను కత్తెరతో తెగ్గోసి పడేయడం చాలా ఇళ్లలో అలవాటు. గోరంత ఉండే ఆ ముక్క రీసైక్లింగ్‌కు చేరదని మీకు తెలుసా? ఖాళీ ప్యాకెట్‌ను కరిగించి మళ్లీ ఏదో ఒక వస్తువు చేయొచ్చు. ముక్కను మాత్రం చెత్త ఏరేవాళ్లు ఏరలేరు, జల్లెడ పట్టే యంత్రం నుంచీ జారిపోతుంది. చివరికి మురుగు కాలువలోనో మట్టిలోనో కలుస్తుంది. అందుకే మూలను పూర్తిగా తెంచకుండా, ప్యాకెట్‌ను అంటిపెట్టుకుని వేలాడేలా గాటు పెడితే చాలు. పాలు ధారగానే పడతాయి. ఖాళీ అయ్యాక కాసిని నీళ్లు పోసి తొలిచి, ఆ నీళ్లు మొక్కకు పోసి, ప్యాకెట్ ఆరబెట్టి పొడి చెత్తలో వేయండి.

మన నగరాల్లో పోగయ్యే చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలు. మట్టిలో కలిసిపోయేవే కదా, ఎక్కడ పడేస్తే ఏముంది అనుకుంటాం. కానీ డంపింగ్ యార్డులో గుట్టల అడుగున గాలి ఆడక అవి కుళ్లితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఎండాకాలం యార్డుల్లో మంటలు రేగి, ఆరకుండా రాజుకుంటూ ఉండటానికి ఇదీ ఒక కారణం.

అదే మీథేన్‌ను మూసిన ట్యాంకులో పట్టుకుంటే ఇంధనం. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో చేస్తున్నది ఇదే. రోజుకు పది టన్నుల దాకా పోగయ్యే కూరగాయల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసేలా అక్కడ ప్లాంటు పెట్టారు. సాంకేతికత మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది. కుళ్లిన టమాటాలతో మార్కెట్లో దీపాలు వెలగడం కన్నా మంచి కబురు ఏముంటుంది!

ఇంట్లో ప్లాంటు అక్కర్లేదు. అడుగున, పక్కల చిల్లులున్న కుండ ఒకటి చాలు. గుప్పెడు తొక్కలు వేస్తే, పైన రెండు గుప్పిళ్ల ఎండుటాకులు వేయండి. వారానికోసారి పుల్లతో కలియతిప్పండి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండుటాకు వేస్తే సర్దుకుంటుంది. మాంసం, ఎముకలు, నూనె కూరలు వద్దు. రెండు మూడు నెలలకు తొక్కల ఆనవాలు లేకుండా నల్లగా, పొడిపొడిగా తయారై, తొలకరి నేలలా వాసన వేస్తుంది. ఆ ఎరువు పడ్డ కరివేపాకు మొక్క ఎలా చిగురిస్తుందో చూస్తే, మళ్లీ తొక్కలు పారేయడానికి మీకే మనసొప్పదు.

ఇక ఒక్కసారి వాడి పారేసే పేపర్ కప్పు సంగతి. అందులో పేపరొక్కటే ఉండదు. టీ కారకుండా లోపల పలచని ప్లాస్టిక్ పొర వేస్తారు. పావుగంట పాటు 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం అందులో ఉంటే సుమారు 25 వేల ప్లాస్టిక్ సూక్ష్మకణాలు అందులోకి చేరతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. ఆఫీసులో మీ బల్ల మీద ఒక స్టీలు గ్లాసు ఉంచుకోండి. ఇంట్లో శుభకార్యమైతే పుల్లలతో కుట్టిన అడ్డాకు, మోదుగాకు విస్తళ్లు అడగండి. ఏజెన్సీలో ఆకు కోసి, ఎండబెట్టి, కుట్టే ఆడవాళ్లకు అదే నాలుగు డబ్బులు తెచ్చే పని.

తడి, పొడి, ప్రమాదకర చెత్తను విడదీసి ఇవ్వడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ప్రతి ఇంటి బాధ్యతగా చేశాయి. మనం కలిపేసి ఇచ్చిన సంచిని చాలాచోట్ల పారిశుద్ధ్య కార్మికులు వట్టి చేతులతోనే విప్పుతున్నారు. పగిలిన గాజు, వాడిన బ్లేళ్లు, సూదులు గట్టి డబ్బాలో పెట్టి, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి, పైన గుర్తు పెట్టి, దయచేసి విడిగా వాళ్ల చేతికివ్వండి.