ట్రంకు పెట్టెకు కొత్త రంగు

బదిలీల ఇళ్లలో పెరిగే మనకు ట్రంకు పెట్టె ఇంట్లో మనిషి లాంటిది. మంచాలూ బీరువాలూ మారినా అది మాత్రం మనతోనే లారీ ఎక్కుతుంది, దిగుతుంది. దిగినప్పుడల్లా ఎక్కడో ఒకచోట రంగు లేస్తుంది, వానలు రాగానే అక్కడ తుప్పు పడుతుంది. ఈసారి వేసవిలో మా పెట్టెలు రెండింటికీ రంగు వేయాలనుకున్నాం. కుంచెకు బదులు, సుమారు 1,500 రూపాయలకు దొరికిన కరెంటు పిచికారీ గన్ను తెచ్చాం. క్వార్టర్స్‌లోని పిల్లలు నలుగురు తోడయ్యారు. వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చిందని, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన పెట్టెనూ తెచ్చింది.

ఇది ఎలా పనిచేస్తుంది?

పిచికారీ మనకు కొత్త కాదు. మన ఊళ్లలో మిరప, పత్తి చేలకు మందు కొట్టేది దానితోనే, హోలీకి మీరు రంగునీళ్లు చిమ్మేదీ దానితోనే. ఈ గన్నులో మోటారు గాలిని తోస్తుంది. ఆ గాలిలో కొంత రంగు డబ్బాలోకి పోయి, రంగును గొట్టం గుండా పైకి నెడుతుంది. మిగతా గాలి మూతి దగ్గర వేగంగా తగిలి, రంగును సన్నటి తుంపరగా చీలుస్తుంది. దీని వెనుక ఒక వైద్యుడున్నారు. అమెరికాలోని టొలీడోలో గొంతు వైద్యుడు అలెన్ డెవిల్బిస్ 1888లో గొంతులో మందు చల్లడానికి తుంపర పరికరం తయారుచేశారు. తరువాత ఆయన కుమారుడు థామస్ ఆ పద్ధతినే రంగులకు వాడారు.

మా పొరపాట్లు

ఎనామిల్ రంగును తెచ్చింది తెచ్చినట్టే పోశాం. గన్ను దగ్గి దగ్గి ముద్దలు ఉమ్మింది. దానితో వచ్చిన చిన్న గరాటు ఎందుకో అప్పుడు తెలిసింది. గరాటు నిండా రంగు పోసి, ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో చూడాలి. సూచనల కాగితంలో ఇచ్చిన గడువు దాటితే రంగు ఇంకా చిక్కగా ఉన్నట్టే. కొద్దికొద్దిగా టర్పెంటైన్ కలుపుతూ మళ్లీ మళ్లీ లెక్కపెట్టాం. మూడోసారికి కుదిరింది.

తరువాతిది ఆత్రం. గన్నును ఒకేచోట నిలిపితే రంగు ధారలు కట్టింది. మరీ దూరంగా పట్టుకుంటే తుంపర దారిలోనే ఆరి గరుకుగా పడింది.

నేర్చుకున్న పద్ధతి

1. పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా గీకకుండా, తడిపి ఎమరీ కాగితంతో రుద్దాలి. ఆరాక ప్రైమరు వేయాలి.
2. గన్ను పెట్టెకు జానెడు దూరంలో, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లలో ఉండాలి. మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదలాలి.
3. అంచుకు ముందే మీట నొక్కి, అంచు దాటాక వదలాలి. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి.
4. ఒక మందపాటి పూత కన్నా రెండు మూడు పలుచటి పూతలు మేలు.
5. పని కాగానే ప్లగ్గు తీసి గన్ను కడగాలి. ఎండితే అది మళ్లీ పనికిరాదు.

పిల్లలూ, గన్ను పెద్దల చేతిలోనే ఉండాలి. ఆరుబయట, పొయ్యికీ నిప్పుకీ దూరంగా, మాస్కూ కళ్లద్దాలూ పెట్టుకునే ఈ పని చేయాలి. తేలిగ్గా అంటుకునే ఎన్‌సీ థిన్నర్‌ను ఇందులో పోయకూడదు. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదు. డబ్బా మీద అది చూసి కొనండి.

కొనవచ్చా?

పూత పది నిమిషాల పని. కాగితాలు పరచడానికీ గన్ను కడగడానికీ గంటకు పైగా పట్టింది. ఒక్క స్టూలుకైతే కుంచె చాలు. కిటికీ గ్రిల్లు, పేము కుర్చీ, వరసగా నాలుగు పెట్టెలు ఉంటే గన్ను అక్కరకొస్తుంది.

అమ్మాయి పెట్టెకు ఎమరీ పట్టబోతుంటే అడిగింది: "మేడమ్, ఈ పేర్లు కూడా పోతాయా?" మూత మీద తెల్లటి అక్షరాల్లో జామ్‌నగర్, జోర్హాట్, ఆవడి. వెళ్లిన ప్రతి ఊళ్లో వాళ్ల నాన్నగారు కుంచెతో రాసినవి. ఏది కప్పాలో, ఏది ఉంచాలో గన్నుకు తెలియదు. పేర్ల మీద టేపు అతికించి, మిగతా పెట్టెకు రంగు కొట్టాం. చివరి పూత గట్టిపడకముందే టేపు తీస్తే, మూడు ఊళ్లూ ఉన్నచోటే ఉన్నాయి.

ఆవడి కింద కొంచెం చోటు ఉంది. కొత్త ఊరు చేరాక ఆ పేరు తనే రాస్తానంది, కుంచెతో.