బ్లాగునకు చదువరులు వచ్చు దారులు

రేడియో ప్రసంగమునకు ఒక సౌకర్యము కలదు. నిర్ణీతమైన వేళకు అది శ్రోతల ఇంటిలోనికి తానుగానే ప్రవేశించును. ఏ వేళకు ఏమి వినవచ్చునో ముందుగా తెలుపుటకు ఇట్టి కార్యక్రమ పత్రిక ఉండనే ఉన్నది. ఇంటర్నెట్టులో ప్రకటించిన పుటకు ఈ రెండు సౌకర్యములును లేవు. అది ఎవరి ఇంటికిని తానై పోదు. ఎవరైనను వెదకికొనుచు వచ్చువరకు ఉన్నచోటనే ఉండును. కావున బ్లాగు వ్రాయువారు వ్రాయుటతో పాటు మరియొక పని నేర్వవలసియున్నది. తమ పుటకు దారి వేయుటయే ఆ పని.

ఒకరు తమ వెబ్‌సైటులో తేదీల వరుసను వ్రాసి ప్రకటించుకొను వ్యాసముల సంపుటికి బ్లాగు అని పేరు. ఈ పని నేడు పల్లెలలోను సాధ్యమే. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమై ఇంటర్నెట్టు ధరలు దిగివచ్చినవి. కొద్ది వారములకే, అక్టోబరు 11న, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. చేతిలో సాధనమును, ఊరికి క్రొత్త చిరునామాయు ఇంచుమించు ఒకేసారి వచ్చినవి. కాని ఈ ప్రాంతములను గూర్చిన పాత వ్రాతలు పెక్కు వరంగల్ జిల్లా పేరిటను, కాళేశ్వరము వైపు గ్రామములవి కరీంనగర్ జిల్లా పేరిటను ఉన్నవి. క్రొత్త పేరుతో వెదకువారికి అవి సులభముగా చిక్కవు. ఊరివారు వ్రాయనిచో దూరపువారు విని వ్రాసినదే ఊరి చరిత్రగా నిలిచిపోవును. ఊరివారు వ్రాసియు అది ఎవరి కంటను పడకున్న ఫలితము అదియే. చదువరులను రాబట్టుట గొప్పకొరకు చేయు పని కాదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

తెలుగు బ్లాగుల గత చరిత్ర ఈ విషయమున మనకు ఒక పాఠము చెప్పుచున్నది. తెలుగు అక్షరములకు యూనికోడ్ అను సర్వసామాన్యమైన సంకేతములు 1991లోనే ఏర్పడినను, పెక్కు సంవత్సరములు మన పత్రికలు తమ తమ ప్రత్యేక ఫాంటులతోనే ఇంటర్నెట్టున కనిపించినవి. అట్టి పుటలలోని తెలుగు మనుష్యుల కంటికి తెలుగే గాని, వెదకెడి యంత్రమునకు అర్థము లేని గుర్తులు. యూనికోడ్ వాడుకలోనికి వచ్చి, 2003లో తెలుగు వికీపీడియా మొదలై, 2006 ప్రాంతమున వీవెన్ నిర్మించిన ‘లేఖిని’ వంటి ఉపకరణములు లభించిన పిమ్మట తెలుగు బ్లాగులు వేగముగా పెరిగినవి. ఆ బ్లాగులలోని క్రొత్త వ్యాసములను ఒకేచోట చూపుటకు ‘కూడలి’, ‘జల్లెడ’, ‘హారం’, ‘మాలిక’ వంటి సంకలినులు వెలసినవి. ఉదయమున ఒక సంకలిని తెరచిన చాలును, నాటి తెలుగు వ్రాతలన్నియు కంటబడెడివి.

అయితే పెక్కు బ్లాగులకు చదువరులు వచ్చు ద్వారము అదియొక్కటియే అయ్యెను. కాలక్రమమున సంకలినులు పెక్కు ఆగిపోయినవి. బ్లాగులను చదువుటకు లోకమంతటను పలువురు వాడుచుండిన గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడినది. చర్చలు ఫేస్‌బుక్కునకు తరలినవి. వ్యాసములు ఉన్నవి, వచ్చు దారి లేదు. పరుల ద్వారము నొక్కదానినే నమ్ముకొనరాదనుట ఈ చరిత్ర నేర్పిన మొదటి సూత్రము. నాలుగు దారులుండవలెను, వానిలో ఒకటియైనను మన సొంతముగా ఉండవలెను.

దారులలో మిక్కిలి పెద్దది శోధన యంత్రము. దాని పని తీరు తెలిసికొన్నచో తక్కిన సలహాలు సులభముగా బోధపడును. గూగుల్ వంటి శోధన యంత్రము ఒక పుటనుండి మరియొక పుటకు గల లంకెలను పట్టుకొని నిరంతరము తిరుగుచుండును. చూచిన పుటలలోని మాటలను, పుస్తకము చివర పదసూచికవలె, జాబితాగా వ్రాసికొనును. ఎవరైనను ఒక ప్రశ్న వేసినపుడు ఆ జాబితానుండి తగిన పుటలను ఏరి వరుసలో నిలుపును. వరుసలో ముందెవరు, వెనుక ఎవరు అను నిర్ణయమునకు ఆధారములు అనేకము. 1998లో గూగుల్ సంస్థాపకులు ప్రకటించిన మూలసూత్రము మాత్రము సామాన్యమైనదే: ఇతరులు ఒక పుటకు లంకె ఇచ్చుట ఆ పుటకు సాక్ష్యము చెప్పుటవంటిది, గౌరవము గల సాక్షి మాటకు విలువ ఎక్కువ.

కావున వ్రాయువారు మొదట అడుగవలసిన ప్రశ్న ‘నేనేమి చెప్పదలచితిని’ అనునది కాదు, ‘ఎవరు ఏమి అడుగుచున్నారు’ అనునది. మహబూబాబాద్ జిల్లా మిరప సాగునకు పేరుపడినది. 2021 చివర నల్ల తామర పురుగు తెలంగాణ, ఆంధ్రప్రదేశములలోని మిరప తోటలను తీవ్రముగా నష్టపరచినది. ఆ రోజులలో ‘రైతు కన్నీరు’ అని శీర్షిక పెట్టిన వ్యాసము ఎంత హృదయమును కదలించునదైనను, తోటలో నిలుచుండి ఫోనులో వెదకు రైతునకు దొరకదు. ఆయన ‘మిరప పూతలో నల్ల పురుగు, పూత రాలుచున్నది’ అని వెదకును. ఆ మాటలే శీర్షికలో నుంచి, పురుగును పూవులో గుర్తించు విధమును, నీలిరంగు జిగురు అట్టలు కట్టు పద్ధతిని, ఏ అధికారిని కలిసికొనవలెనో ఆ వివరమును మొదటి పేరాలలోనే చెప్పిన పుట ఆయనకు చేరును. అట్టి పుటను ఆయన మరి పదిమందికి తానే పంపును.

రెండవది పేరు. మన ఊళ్లకు పేర్లు ఒకటికన్న ఎక్కువ. మహబూబాబాదును జనులు మానుకోట అందురు. జనగామను జనగాం అనియు వ్రాయుదురు. ఇంగ్లీషు అక్షరములలో ఆ పేరు మరికొన్ని రూపములు దాల్చును. భూపాలపల్లి జిల్లా పూర్తి పేరు ఆచార్య జయశంకర్ గారి పేరుతో కూడినది. వెదకువారు ఏ పేరు వాడుదురో మనము శాసింపలేము. ముఖ్యమైన రూపమును శీర్షికలో నుంచి, తక్కిన వానిని వ్యాసమున సహజముగా ఒక్కొక్కమారు వాడిన చాలును. ఒకే పేరును వరుసగా ఇరువది మార్లు గ్రుచ్చుట వలన చదువరికి విసుగు కలుగును, యంత్రమును దానిని మోసముగానే ఎంచును. తెలుగు చదువువారిలో అనేకులు ఇంగ్లీషు లిపిలోనే వెదకుదురు. అందుచేత పుట చిరునామా ఇంగ్లీషు లిపిలో పొట్టిగా, స్పష్టముగా ఉండుట మేలు.

మూడవది అదను. విత్తనమునకువలె వ్యాసమునకును అదనున్నది. కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు 2025 మే 15 నుండి 26 వరకు జరిగినవి. దారి, వసతి, స్నానఘట్టములు తెలిసికొనగోరువారు ప్రయాణమునకు ముందే వెదకుదురు. పుష్కరములు ముగిసిన పిదప వ్రాసిన వ్యాసము వారికి ఉపకరింపదు. పుష్కరములు పండ్రెండేండ్లకొకమారు వచ్చునవి గనుక, ఆలయ చరిత్రను, ఏడాది పొడుగునను పనికివచ్చు ప్రయాణ వివరములను వేరొక పుటగా వ్రాసి, పండుగ పుటనుండి దానికి లంకె ఇచ్చుట వివేకము. ఒకటి ఋతువు పంట, రెండవది పండ్ల తోట.

అదనుతో పాటు మరమ్మతు కూడ అవసరము. పాలంపేట రామప్ప గుడి 2016 వరకు వరంగల్ జిల్లాలోను, పిమ్మట భూపాలపల్లి జిల్లాలోను, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడినది మొదలు ఆ జిల్లాలోను లెక్కకు వచ్చినది. 2021 జులై 25న దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించినది. 2017లో సరిగా వ్రాసిన వ్యాసము కూడ దిద్దకున్న నేడు తప్పు చెప్పుచుండును. క్రొత్త వ్యాసమునకై తొందరపడుటకన్న, చదువరులు వచ్చుచున్న పాత వ్యాసమును ఏటేట సరిచూచి, దిద్దిన తేదీని పైన వేయుట ఎక్కువ ఫలప్రదము. ఒకమారు తప్పుదారి చూపిన పుటకు యాత్రికుడు రెండవమారు రాడు.

నాలుగవది పొత్తు. జనగామ జిల్లా పాలకుర్తి పాల్కురికి సోమనాథుని పేరుతోను, ఆ సమీపమందలి బమ్మెర పోతన పేరుతోను ముడిపడినవి. ఈ రెండు ఊళ్లను గూర్చి రెండు పుటలు వ్రాసినవారు ఒకదానినుండి మరియొకదానికి లంకె ఇచ్చినచో, ఒక ఊరికై వచ్చిన చదువరి రెండవ ఊరును చూచిపోవును. అట్లే ఇతర బ్లాగులలోని మంచి వ్యాసమునకు మనము మొదట లంకె ఇచ్చుట పొరుగు మర్యాద; ఆ మర్యాద కాలక్రమమున తిరిగి వచ్చును. అయితే వికీపీడియాలో సొంత బ్లాగు లంకెలను చొప్పించుట తగదు. అచ్చటి సంపాదకులు వానిని తొలగింతురు. బయటి లంకెలు శోధన యంత్రము ఎదుట సాక్ష్యముగా చెల్లకుండ అచ్చట 2007 నుండియే ఏర్పాటు కలదు. దానికి బదులు వికీపీడియా వ్యాసములోని లోపములను నమ్మదగిన గ్రంథముల ఆధారముతో దిద్దినచో, మన ప్రాంతమునకు మేలు జరుగును, విషయజ్ఞులతో పరిచయమును కలుగును.

ఐదవది పుట బరువు. చదువరులలో పెక్కుమంది చిన్న ఫోనులలో చదువువారు. సిగ్నలు అంతంతమాత్రముగా ఉన్నచోట పెద్ద ఫొటోలు పది పెట్టిన పుట తెరచుకొనుటకు ముందే వారు వెనుకకు పోవుదురు. ఫొటోలను తగ్గించి, చిన్నవిచేసి పెట్టవలెను. పెంబర్తి ఇత్తడి పనిని చూపు ఫొటో క్రింద ‘ఫొటో 3’ అని వ్రాయుట వలన ప్రయోజనము లేదు. ‘జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకుపై చేసిన నగిషీ’ అని వ్రాసినచో చూపు లేనివారికి చదివి వినిపించు యంత్రమునకును, వెదకు యంత్రమునకును అది ఏమో తెలియును. కేవలము బొమ్మగా అతికించిన తెలుగు అక్షరములను నమ్ముకొనక, వ్యాసమును మాటలుగానే టైపు చేయవలెను.

ఆరవది మన సొంత ద్వారము. వ్యాసము నచ్చిన చదువరి తన ఈ-మెయిలు చిరునామా ఇచ్చుటకు పుట చివర ఒక వీలు కల్పించి, క్రొత్త వ్యాసము వచ్చినపుడు ఒక చిన్న ఉత్తరము పంపవలెను. ఈ జాబితా నూరుమందిదే కావచ్చును. కాని ఏ సంస్థ తన పద్ధతి మార్చుకొన్నను ఇది మనతోనే ఉండును. వాట్సాపు గుంపులకు పంపునపుడు మాత్రము మితము పాటింపవలెను. రైతుల గుంపునకు పంట వ్యాసము, విద్యార్థుల గుంపునకు పరీక్షకు పనికివచ్చు వ్యాసము పంపుట ఉపకారము. అన్ని గుంపులకు అన్నియు పంపుట వేళ తెలియక తలుపు తట్టుటయే.

ఇక విడువవలసిన దారులు చెప్పెదము. డబ్బు తీసికొని వేలకొలది ‘సందర్శకులను’ తెత్తుమనువారు చూపునవి తరచు యంత్రములు వేయు లెక్కలే గాని చదువు కన్నులు కావు. లంకెలను కొనుట శోధన సంస్థల నియమములకు విరుద్ధము. పట్టుబడిన పుట వరుసలో అడుగునకు పోవును. లోపల లేనిదానిని శీర్షికలో ఆశపెట్టుట ఒక్కరోజు మాత్రమే పనిచేయును. పరుల వ్యాసమును ఎత్తివ్రాయుట చౌర్యమే. ఊరి పేరు మోయు బ్లాగు అబద్ధమాడినచో మాట పడునది వ్రాసినవారొక్కరే కాదు.

ఫలితమును కొలుచుటకు గూగుల్ సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనము కలదు. ఏ మాటలతో వెదకినవారికి మన పుట కనిపించినది, వారిలో ఎందరు లోనికి వచ్చిరి అను సంగతులు అది తెలుపును. కనిపించియు ఎవరును రాకున్న శీర్షికను దిద్దవలెను. మనము తలపని ప్రశ్నతో పలువురు వచ్చుచున్నచో ఆ ప్రశ్నకే ఒక వ్యాసము వ్రాయవలెను. క్రొత్త బ్లాగును శోధన యంత్రము నమ్ముటకు మాసములు పట్టును గనుక దినదినము అంకెలు చూచి క్రుంగుట తగదు.

2024 నుండి గూగుల్ అనేక ప్రశ్నలకు కృత్రిమ మేధ కూర్చిన సమాధానమును పై భాగముననే చూపుచున్నది. చదువరి పుటవరకు రాకుండగనే తృప్తిపడి పోవు ప్రమాదము ఇందు ఉన్నది. అన్నిచోట్లను దొరకు సంగతినే తిరిగి చెప్పు బ్లాగునకు ఇది పెద్ద దెబ్బ. కాని భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల యొద్దకు స్వయముగా పోయి, వర్షమున దారి ఎట్లుండునో, రాతిచిత్రములు ఏ వేళ వెలుగున చక్కగా కనబడునో చూచి వ్రాసినదానిని ఇంటికడ కూర్చున్న ఏ యంత్రమును ముందుగా చెప్పజాలదు. కంటితో చూచినది, పెద్దల నోట విన్నది, తేదీతో వ్రాసికొన్నది: పల్లెలోని వ్రాతకారునకు గల పెట్టుబడి ఇదియే.

మీ ఇంట బ్లాగు వ్రాయు పిల్లలున్నచో వారికి ఈ వారము ఒక చిన్న పని అప్పగింపుడు. ఊరిలో ముగ్గురిని కలిసి, వారు ఫోనులో వెదకియు సమాధానము దొరకని ప్రశ్న ఒక్కొక్కటి అడిగి వ్రాసికొనుమనుడు. ఆ మూడింటిలో తాము నిజముగా తెలిసికొనగల దానికి సమాధానము వెదకి, అడిగినవారి మాటలనే శీర్షికగా పెట్టి, ప్రకటించి, మొదట వారికే చూపుమనుడు. ఆ పుటకు తొలి చదువరులు అప్పటికే ముగ్గురు ఉన్నట్లు.